కాగితాలకు వలేసిన సంపూర్ణమ్మ

ఒక ఆదివారం ఉదయం మా వీధి వకీలుగారు బతికున్న కొరమేనును రెండు చేతులా పట్టుకుని సిటీ బస్సెక్కారు. కొరమేను సంగతి మీకు తెలిసిందే. నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది, బతికినంతసేపూ ఊరుకోదు. మొదటి మలుపులోనే అది ఆయన చేతుల్లోంచి జారి డ్రైవరు ఒళ్ళో పడింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ మీద, కూర్చున్నవాళ్ళు చేప మీద పడ్డారు. ఎంతటి జడ్జినైనా మాటల్లో పెట్టే వకీలుగారి వాదన ఆ కొరమేను దగ్గర మాత్రం చెల్లలేదు.

ఇందులో బస్సెక్కడం వరకు నిజం. డ్రైవరు ఒడి నేను కలిపింది. అబద్ధం ఆడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నాకు బెత్తంతో నేర్పారు. నిజాన్ని సాగదీయకూడదని చెప్పడం మాత్రం మరిచిపోయారు. అయితే సంపూర్ణమ్మ గురించి చెప్పేటప్పుడు సాగదీయాల్సిన అవసరం పెద్దగా రాదు.

వకీలుగారికి ఆ కొరమేనును అమ్మింది సంపూర్ణమ్మే. గోదావరి గట్టు పక్క జాలరి వీధిలో పుట్టింది, ఏడో తరగతి వరకు చదివింది, తల్లి గంప తన తలకెత్తుకుని మా రాజమండ్రి వీధుల్లో చేపలమ్మింది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ మా వీధి మొదట్లో “శీలావతులోయ్” అని కేకేస్తే అవతలి ఒడ్డున కొవ్వూరులో పిల్లులు లేచి ఒళ్ళు విరుచుకునేవి.

ఆ రోజుల్లో చేపలు చుట్టివ్వడానికి కిలోల లెక్కన పాత కాగితాలు కొనేది. ఆ ఆదివారం కట్ట విప్పి పైకాగితం తీసేసరికి, అది పసుపురంగు తిరిగిన ఒక కరపత్రం. ‘మత్స్యవిక్రయ స్త్రీల సంఘం’ అని పైన పెద్దక్షరాలు. మార్కెట్టు పక్కన కూర్చుని అమ్ముకునే హక్కు కావాలి, నెత్తిమీద రేకుల షెడ్డు కావాలి అని మధ్యలో కోరికలు. అడుగున కమిటీ సభ్యుల పేర్లు. వాటిలో ఒకటి ఓలేటి నూకాలమ్మ. సంపూర్ణమ్మ తల్లి.

నూకాలమ్మకు చదువు లేదు. షెడ్డు కోసం ఎండలో కూర్చున్నామనీ, కూర్చున్నాకే షెడ్డు వచ్చిందనీ ఇంట్లో చెప్పేది గానీ, తన పేరు అచ్చయిందన్న సంగతి ఆవిడకే తెలిసి ఉండదు. తెలియకుండానే పోయింది. కూతురు ఆ కాగితంతోపాటు కట్టంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. గంప చుట్టూ బేరగాళ్ళు నిలబడి ఉన్నారు.

“సంపూర్ణా, చేప చుట్టవమ్మా, ఎండెక్కుతోంది,” అన్నారు వకీలుగారు.

“కాగితాల్లేవండి. చేత్తో పట్టికెళ్ళండి.”

“ఒళ్ళో అంత కట్ట పెట్టుకుని కాగితాల్లేవంటావేంటి? ఇది బతికుందే!”

“బతికుంది కాబట్టే పట్టుకోమంటున్నానండి. చచ్చిందైతే నేనెందుకమ్ముతాను?”

అలా మొదలైంది. మర్నాడు ఆ పాత కాగితాల కొట్టుకి వెళ్ళి, మిగిలిన కట్టలన్నీ చేపలకు మార్చుకుని తెచ్చుకుంది. కొట్టువాడు వారం రోజులపాటు మూడు పూటలా చేపల పులుసు తిన్నాడని వినికిడి. ఆ తర్వాత ఊళ్ళో ఏ సంఘం ఆఫీసు మూసేస్తున్నా, ఏ పాత నాయకుడి ఇల్లు ఖాళీ చేస్తున్నా, ఆవిడ గంపతో ప్రత్యక్షం. పడవ సరంగుల సంఘం, రిక్షా కార్మికుల సంఘం, లంక భూముల కౌలుదార్ల సంఘం, గ్రంథాలయం కోసం ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడుక్కున్న కుర్రాళ్ళ యువజన సంఘం. వాళ్ళ మినిట్సు పుస్తకాలు, కరపత్రాలు, సభల ఫొటోలు, అరెస్టయినప్పటి నోటీసులు, చందా రసీదులు, ఆఖరికి ఊరేగింపులో పట్టుకున్న అట్టలు కూడా. చేపలమ్మేవాళ్ళ సంఘానికి ఒక పాత ఐసు గోదాము ఉంది. దాని మేడగది ఖాళీగా పడి ఉంటే సంఘం వాళ్ళతో పోట్లాడి తీసుకుని అందులో దాచింది. ‘సంఘాల గది’ అని తలుపు మీద సున్నంతో తనే రాసింది. ఆ గదిలోని కాగితాలు వరసగా పరిస్తే ఇక్కణ్ణుంచి తణుకు దాకా వస్తాయని నేను అందరికీ చెబుతుంటాను. నిడదవోలు దగ్గర కాస్త తగ్గుతాయేమో.

దాచడమైతే దాచింది గానీ దాచే విద్య తెలియదు. ఒక తుఫానుకి మేడగది కప్పు కారి సరంగుల సంఘం కాగితాలన్నీ ముద్దగా తడిశాయి. సంపూర్ణమ్మ కంగారు పడలేదు. తడిసినదాన్ని ఏం చేయాలో వాళ్ళ వంశంలో అందరికీ తెలుసు. ఎండ రాగానే గట్టు మీద ఇసుకలో చాపలు పరిచి, కాగితాలను వరసలుగా ఎండేసింది. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. ఎండుచేపలకు చేసినట్టే, వచ్చేపోయేవాళ్ళ మీద అరుస్తూ, మధ్యమధ్య తిరగేస్తూ.

ఆ దారిన వెళుతున్న యుగంధర్ స్కూటర్ ఆపాడు. ఒక కాలేజీలో లైబ్రేరియన్, నెమ్మదైన మనిషి.

“ఇవి ఎండలో వేశారేంటమ్మా?”

“తడిసినియ్యండి. మధ్యాన్నానికి ఇంకోసారి తిరగేస్తే సరిపోద్ది.”

“అయ్యో, ఎండకి కాగితం పెళుసెక్కుతుంది, సిరా వెలిసిపోతుంది. నీడలో, గాలికి ఆరాలండి.”

“నీడలో ఆరితే పురుగు పడుద్దండి. మా అమ్మ చెప్పింది.”

“మీ అమ్మగారు చేపల గురించి చెప్పి ఉంటారు.”

సంపూర్ణమ్మ ఆలోచనలో పడింది. “ఆయ్, చేపల గురించేనండి,” అని ఒప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి, “మరి నేను ఉప్పు కూడా రాశానండి,” అంది.

ఉప్పు సంగతి నేను కలిపింది కాదు. సరంగుల సంఘం మొదటి మహాసభ తీర్మానాలు ఈనాటికీ నాలుక్కి తగిలిస్తే ఉప్పగా ఉంటాయట. ఆ తర్వాత యుగంధర్ ఆదివారాలు వచ్చి కాగితాలు ఆరబెట్టడం నేర్పాడు. తడి కాగితాన్ని కొసలు పట్టి లాగకుండా కిందనుంచి మొత్తంగా ఎత్తాలి, మధ్యమధ్య పొడి కాగితం పెట్టాలి, ఫ్యాను నేరుగా కాగితం మీదికి కాకుండా గోడకు తిప్పాలి. సంపూర్ణమ్మ ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసి, గొణిగి, చివరికి అతనికంటే బాగా చేసింది. చేపలవాసన వదిలించడం మాత్రం ఇద్దరివల్లా కాలేదు. ఇప్పటికీ ఆ గది మెట్ల మీద పిల్లులు క్యూ కట్టి ఉంటాయి.

ఇదంతా ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి. అసలు చెప్పదలుచుకున్నది సత్యవాణి పెట్టె గురించి.

సత్యవాణి కోరుకొండ వైపు ఒక పల్లెలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ పల్లెలో ఆడవాళ్ళు సారా కొట్టు తీయించాలని కమిటీ కట్టినప్పుడు ఆవిడే కార్యదర్శి. కొట్టు ముందు నెలల తరబడి కూర్చున్నారు. నగరం నుంచి చేపలమ్మేవాళ్ళు కూడా వెళ్ళి వాళ్ళతో కూర్చున్నారు. వాళ్ళలో సంపూర్ణమ్మ ఒకతె. చివరికి కొట్టు లేచిపోయింది. ఆ రోజుల్లో ప్రతి సమావేశంలో ఎవరు ఏం మాట్లాడిందీ సత్యవాణి మాటకు మాట రాసేది. ప్రతి కొత్త పుస్తకానికీ నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు మొదటి అక్షరం రాసేది.

ఆ పసుపే తర్వాత చిక్కు తెచ్చింది. మా ప్రాంతంలో పసుపు కుంకుమ తగిలిన కాగితాన్ని చెత్తలో వేయరు, తూకానికి అమ్మరు, తగలబెట్టరు. ఇంట్లో ఉంచుకోలేకపోతే గోదావరిలో కలుపుతారు. అంతకంటే గౌరవం లేదు. సత్యవాణి కాలం చేసింది. కూతురు నాగదుర్గ రాజమండ్రిలో హైస్కూలు లెక్కల టీచరు. రెండు గదుల ఇల్లు. తల్లి ట్రంకుపెట్టెను సంవత్సరీకం రోజున గోదారమ్మకు అప్పగించాలని నిశ్చయించుకుంది. కబురు తెలిసి సంపూర్ణమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ఊరంతా నన్ను తాతగారంటుంది కాబట్టి, ముసలివాడి మొహం చూసి మెత్తబడుతుందేమోనని ఆశ.

నాగదుర్గ మాకు కాఫీ ఇచ్చింది గానీ మెత్తబడలేదు.

“సంపూర్ణమ్మగారూ, మీరంటే అమ్మకి ఇష్టం. కాదనను. కానీ ఆ పుస్తకాలు అమ్మ పూజలా రాసుకుంది. పిల్లులు తిరిగే గదిలో పడేస్తానా?”

“పిల్లులు మెట్లమీదేనండి. లోపలికి రానివ్వను.”

నేను అందుకున్నాను. “అమ్మా, ఆ పిల్లులు కూడా మామూలువి కావు, చదువుకున్న పిల్లులు...”

“తాతగారూ, మీరుండండి,” అంది నాగదుర్గ. నేను ఉన్నాను.

కాసేపటికి ఆవిడ గొంతు మారింది. “నా చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ ఆ కొట్టు ముందే. నాకు జ్వరమొచ్చినా అక్కడే. అంతా చేస్తే, అమ్మ పోయినప్పుడు ఆ కమిటీ వాళ్ళు ఎంతమంది వచ్చారు? వేళ్ళమీద లెక్కెట్టచ్చు. మనిషికి రానివాళ్ళకి కాగితాలెందుకండి?”

సంపూర్ణమ్మ తడుముకోలేదు.

“రానోళ్ళు తప్పు చేశారండి. నేను వాళ్ళ పక్షాన మాట్లాడను. కానీ వాళ్ళ పేర్లు ఇంకెక్కడున్నాయండి? రేషను కార్డులో ఫలానావాడి పెళ్ళాం, ఓటరు లిస్టులో ఫలానావాడి పెళ్ళాం. ఫలానా రోజున ఫలానామె లేచి నిలబడి ఈ మాటంది అని రాసిన మనిషి ప్రపంచం మొత్తమ్మీద మీ అమ్మగారొక్కరే. అది కలిపేస్తే వాళ్ళు నోరిప్పలేదనే అనుకుంటారండి, రేపటోళ్ళు.”

“నేను మొక్కుకున్నానండి. గోదారమ్మకి ఇస్తానని అనేశాను. మాట తప్పను.”

“తప్పొద్దండి,” అని సంపూర్ణమ్మ లేచింది. బయటికొచ్చాక నేను అయిపోయిందనుకున్నాను. ఆవిడ మొహంలో ఓడిపోయిన కళ కనిపించలేదు. “మాట తప్పొద్దని నేనే చెప్పాను కదండీ,” అంది నాతో, అంతే.

సంవత్సరీకం రోజు చలికాలపు పొద్దు. గోదావరి నెమ్మదిగా, తేటగా ఉంది. రేవులో పంతులుగారు తతంగం పూర్తి చేయించారు. నాగదుర్గ పెట్టె మూత తీసి మొదటి కట్ట చేతిలోకి తీసుకుని నీళ్ళవైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. మెట్ల కిందే ఒక పడవ. పడవలో సంపూర్ణమ్మ తమ్ముడు వీరాస్వామి, సంపూర్ణమ్మ. పడవకూ రేవు గుంజకూ మధ్య నీళ్ళలో వల.

“సంపూర్ణా, పిండాలు కలిపే రేవులో చేపలకి వలేంటే?” అని అరిచారు పంతులుగారు.

“చేపలకి కాదండి పంతులుగారూ, కాగితాలకి!”

నాగదుర్గ మొహం ఎర్రబడింది. “ఇదేం పనండీ? దేవతకిచ్చింది వెనక్కి తీసుకుంటారా?”

“ఇచ్చేది మీరు. తీసుకునేది నేను. వెనక్కెలా అవుద్దండి? మీ మొక్కు మీరు తీర్చుకోండి. ఆవిడకిచ్చేయండి. ఆవిడ నాకిస్తే తీసుకుంటాను, లేదంటే నా ఖర్మ. మా తాతలనాటి నించీ ఆవిడిచ్చిందే తీసుకుని బతుకుతున్నామండి. మీ ఇంటికి నేను తెచ్చే శీలావతులు ఎక్కడివనుకున్నారు?”

పంతులుగారు నవ్వాపుకోలేక దగ్గారు. వీరాస్వామి ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు. నాగదుర్గకు నవ్వు రాలేదు.

“తడిసి ముద్దయిపోతాయి.”

“అవుతాయండి. కొన్ని పోతాయి కూడా. మిగిలినియ్యి ఆరబెట్టుకుంటాను. ఆ పని నాకొచ్చు.”

“అయితే పట్టుకోండి,” అని పంతానికి నాగదుర్గ కట్టను నీళ్ళలోకి వదిలింది.

అది వలలోకే పడింది. కానీ సంపూర్ణమ్మ గెలిచానని కేకపెట్టలేదు. మోకాళ్ళ మీద వంగి, రెండు అరచేతులూ కట్ట కిందికి పోనిచ్చి, పూతరేకును ఎత్తినట్టు ఎత్తింది. ఎత్తేలోపలే కట్ట అంచునుంచి నీలం సిరా కరిగి నీళ్ళలో చారలు కట్టింది. తేట నీళ్ళు కావడంతో మెట్లమీదున్న అందరికీ కనిపించింది. చార పొడుగై, సన్నబడి, ప్రవాహంతోపాటు ధవళేశ్వరం వైపు సాగింది.

నాగదుర్గ ఆ చారనే చూస్తూ నిలబడింది. ఇంకో కట్ట చేతిలో ఉంది.

సంపూర్ణమ్మ ఆవిడ వైపు కూడా చూడడం లేదు. “తమ్ముడూ, గొడుగెయ్యి, ఎండ తగలకూడదు. పొడిగుడ్డ ఏదిరా? ఆ మూల కాదు, కిందనించి, కిందనించి,” అని తన ధ్యాసలో తానుంది.

“పంతులుగారూ,” అంది నాగదుర్గ. “మొక్కులో కొంత ఇస్తే సరిపోదా?”

పంతులుగారు ఈ రేవులో తలపండిన మనిషి. “గోదారమ్మ తూకం రాయి పెట్టుకుని కూర్చోలేదు తల్లీ. మనసారా ఇచ్చింది ఎంతైనా అందినట్టే. అందింది కూడా, చూడు, అదిగో పోతోంది,” అని సిరా చార చూపించారు.

నాగదుర్గ చేతిలో కట్టను పెట్టెలో పెట్టేసింది. మూత వేసింది. తర్వాత ఆ పెట్టెను తనే ఎత్తుకుని, పట్టుచీర కుచ్చెళ్ళు తడుస్తున్నా లెక్కచేయక, నడుము లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచుకు ఆనించింది.

“నీళ్ళు తగలనివ్వకండి, పిన్నీ,” అంది.

ఆ పూట సంపూర్ణమ్మ మాట్లాడలేకపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ సంగతి చెబితే జాలరి వీధిలో ఎవరూ నమ్మరు. నేను చెప్పిన అన్ని కథల్లోకీ అదే పెద్ద కోత అంటారు.

తడిసిన ఆ ఒక్క కట్టను ఇద్దరూ కలిసి ఆరబెట్టారు. నాగదుర్గ స్కూలు వదలగానే గదికొచ్చేది. కాగితాలు దాదాపు అన్నీ దక్కాయి. ఒక సమావేశం తాలూకు పేజీ మాత్రం నీలంగా అలుక్కుపోయింది. ఏం తీర్మానించారో తెలుస్తోంది, కింద ఎవరెవరున్నారో తెలియడం లేదు. నాగదుర్గ ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుని, “వీళ్ళలో కొందరు బతికే ఉంటారు. వెళ్ళి అడుగుదాం,” అంది. మనిషికి రానివాళ్ళకి కాగితాలెందుకన్న మనిషే ఆ మాటంది.

ఆటోలో నేనూ ఎక్కాను. పల్లెలో ఒక వసారాలో కూర్చున్నాం. కబురు పాకి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నెరిసిన తలలు, కర్ర సాయాలు, మనవరాళ్ళ భుజాలు. సత్యవాణి కూతురని తెలిసి కొంతమంది తల వంచుకున్నారు. బుల్లెమ్మ అనే ముసలావిడ సూటిగా అనేసింది. “మీ అమ్మ పోయినప్పుడు నాకు కబురందలేదమ్మా. అందినాక సిగ్గేసి రాలేదు. తిట్టు, పడతాను.”

“తిట్టడానికి రాలేదు. పేర్లు రాసుకోడానికొచ్చాను,” అంది నాగదుర్గ.

పేజీ పోయిందని తెలియగానే సిగ్గులన్నీ ఎగిరిపోయాయి.

“నా పేరు కొట్టుకుపోయిందా? దానిదేమో ఉందా?”

“నువ్వు ఆ రోజు రాలేదే, పేరెలా ఉంటుంది? నీ కోడలు పురుడు!”

“రాకపోతే కొట్టువాడి కుండ పగలగొట్టిందెవరే, మీ అత్తా?”

సంపూర్ణమ్మ చేతులు చాపి అందరినీ ఆపింది. “వినండి. పాత కాగితం మీద కొత్త సిరా పెట్టం. అది అలాగే ఉంటది. దాని పక్కన ఇంకో కాగితం పెడతాం, ఇయ్యాల్టి తారీకుతో. ఆ రోజు నేనున్నానని ఎవరికి వాళ్ళే చెప్పండి. పక్కదాని సంగతి పక్కదే చెప్పుకుంటది.”

నాగదుర్గ రాయడం మొదలుపెట్టింది. తల్లిలాగే, మాటకు మాట. కుండ పగలగొట్టినావిడ మాట, పురుటింటి నుంచి వచ్చినావిడ మాట. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ రాసింది. అన్నీ అయ్యాక సంతకాలకు కాగితం తిప్పింది. సంపూర్ణమ్మ ఇంకు పెట్టె తెరిచి బుల్లెమ్మ బొటనవేలు పట్టుకోబోయింది.

బుల్లెమ్మ చెయ్యి లాక్కుంది. “వేలిముద్ర అప్పుడేశాను. తర్వాత మీ అమ్మే కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి నేర్పింది. కలమియ్యి.”

కలం పట్టుకుని వంగింది. ఇంటిపేరుతో సహా రాసింది. ప్రతి అక్షరం ఉసిరికాయంత. సున్నా దగ్గర ఊపిరి పీల్చుకుంది. గుడి దగ్గర ఒకసారి ఆగి, తల పక్కకు వంచి చూసుకుని, మళ్ళీ దిగింది. పేరు పూర్తయ్యేసరికి కాగితంలో మిగిలిన చోటంతా అయిపోయింది.

“ఓసి నీ దుంపతెగ, ఊరంతా నువ్వే రాసుకున్నావు. నాకు చోటేదే?” అంది వెనకావిడ.

“ఇంకో కాగితం తియ్యమ్మా దుర్గా,” అంది సంపూర్ణమ్మ. “ఈవిడా రాసుకుంటుంది.”